జట్టు పేరు మనది.. కూత ఎవరిది?

టైటాన్స్ గెలుపోటములపై అభిమానుల వాదులాట
కళాశాల మైదానాల వైపు చూసేదెవరు?

శ్రీకాకుళం, విజయనగరం: ప్రో కబడ్డీ పోటీలు మొదలయ్యాయంటే శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోని టీ దుకాణాల్లోనూ, విజయనగరం గంటస్తంభం పరిసరాల్లోనూ రాజకీయ చర్చలు కాస్త వెనక్కి తగ్గుతాయి. తెలుగు టైటాన్స్ నిన్న ఎందుకు ఓడింది, ఆఖరి నిమిషంలో ఆ రైడర్‌ను ఎందుకు పంపారు, వచ్చే వేలంలో ఎవరిని కొనాలి అన్న అంశాలపై గంటల తరబడి వాదోపవాదాలు సాగుతాయి. గ్లాసు చల్లారినా మాట చల్లారదు.

చెడుగుడు ఉత్తరాంధ్ర పల్లెలకు కొత్త ఆట కాదు. సంక్రాంతికి, గ్రామదేవత పండుగలకు ఇసుక పోసి గీతలు గీసి ఆడే ఆటే ఇది. 2014 జులైలో ప్రో కబడ్డీ లీగ్ ప్రారంభమైనప్పుడు ఎనిమిది జట్లలో ఒకటిగా తెలుగు టైటాన్స్ బరిలో దిగడంతో ఆ ఆటకు టీవీ వెలుగు తోడైంది. నాటి నుంచి ఈ జట్టు అభిమానులను ఆకాశానికి ఎత్తింది, పాతాళానికీ తోసింది.

ఎత్తుపల్లాల ప్రయాణం

తొలినాళ్లలో రాహుల్ చౌదరి కూతకు వెళ్తే ప్రత్యర్థులు బెదిరేవారు. 2015లో జట్టు సెమీఫైనల్ ఆడి మూడో స్థానంలో నిలిచింది. 2016 మధ్యలో జరిగిన నాలుగో సీజన్‌లోనూ సెమీస్ చేరింది. ఆ తర్వాత పతనం ఆరంభమైంది. 2021-22, 2022, 2023-24 సీజన్లలో వరుసగా మూడుసార్లు పన్నెండు జట్లలో అట్టడుగున నిలిచింది. ఆ మూడు సీజన్లలో ఆడినవి 66 మ్యాచ్‌లు కాగా, గెలిచినవి ఐదు మాత్రమే. అయిదు టై కాగా, మిగిలిన 56 ఓటములే.

2024లో కృషన్ కుమార్ హుడా శిక్షకుడిగా వచ్చాక పరిస్థితి మారింది. ఆ ఏడాది జట్టు 12 మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానంలో నిలిచింది. ప్లే ఆఫ్స్‌కు ఆరు జట్లకే అవకాశం ఉండటంతో త్రుటిలో బయటే ఉండిపోయింది. 2025 సీజన్ ఆగస్టు 29న విశాఖపట్నంలోనే ఆరంభమైంది. 2018 తర్వాత విశాఖలో పోటీలు జరగడం అదే మొదటిసారి. తొలి మ్యాచ్‌లో తమిళ్ తలైవాస్ చేతిలో 35-38తో ఓడినా, జట్టు కోలుకొని ప్లే ఆఫ్స్ చేరింది. రెండో క్వాలిఫయర్‌లో పుణెరి పల్టన్ చేతిలో 45-50తో ఓడి, ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయింది.

మూడు వర్గాలు, మూడు వాదనలు

అభిమానుల్లో మొదటి వర్గానికి పేరున్న ఆటగాడే ప్రాణం. పది సెకన్లలో ఆట గతిని మార్చగల రైడర్ లేకుంటే ఎంతమంది ఉన్నా వృథా అన్నది వారి మాట.

రెండో వర్గం లెక్కలు చూపుతుంది. 2023-24 సీజన్ కోసం పవన్ సెహ్రావత్‌ను టైటాన్స్ 2.605 కోట్ల రూపాయలకు కొన్నది. లీగ్ చరిత్రలో అప్పటికి అదే అత్యధిక ధర. ఒక్కో జట్టు వేలంలో ఖర్చు చేయగలిగే మొత్తమే అయిదు కోట్లు. అందులో సగానికి పైగా ఒక్కరికే వెచ్చించాక పట్టు పట్టే డిఫెండర్లకు మిగిలేదెంత? ఆ ఏడాది జట్టు రెండే మ్యాచ్‌లు గెలిచింది. రెండేళ్ల తర్వాత పవన్ లేకుండానే, విజయ్ మలిక్, భరత్ హుడా వంటి వారితో మూడో స్థానం దక్కింది. కబడ్డీ ఏడుగురి ఆట అని ఈ వర్గం గుర్తు చేస్తుంది.

మూడో వర్గం ప్రశ్న వేరు. రాహుల్ చౌదరిది ఉత్తరప్రదేశ్, సిద్ధార్థ్ దేశాయ్‌ది మహారాష్ట్ర, పవన్‌ది ఢిల్లీ, విజయ్ మలిక్‌, భరత్ హుడాలది హర్యానా. పన్నెండు సీజన్లలో తారలుగా వెలిగిన వారిలో మన పక్క ఊరి కుర్రాడేడీ అని వీరు నిలదీస్తారు. దీనికి తోడు మరో విచిత్రం కూడా ప్రస్తావనకు వస్తుంది. రాజాంలో పుట్టిన గ్రంథి మల్లికార్జునరావు స్థాపించిన జీఎంఆర్ సంస్థకూ ఈ లీగ్‌లో ఒక జట్టు ఉంది. అయితే అది యూపీ యోధాస్. ఆ రెండు జట్లు తలపడిన రోజున రాజాంలో ఎవరికి చప్పట్లు కొట్టాలన్నది తేలని చర్చే.

పరాయి రాష్ట్రాల వారు ఆడటం తప్పేమీ కాదు. వృత్తి క్రీడ అంటేనే ప్రతిభకు వెల కట్టడం. అసలు విషయం మరొకటి ఉంది. మన కుర్రాడు ఆ వేలం జాబితా దాకా చేరే దారి ఏది?

అమెరికాలో ఏం జరుగుతోంది?

ఈ రెండు జిల్లాల నుంచి చదువుల కోసం అమెరికా వెళ్లిన వారు అక్కడి ‘ఫుట్‌బాల్’ పిచ్చిని చూసి మొదట విస్తుపోతారు. అది మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలోని బంతిని చేత పట్టి పరుగెత్తుతూ, విసురుతూ, ప్రత్యర్థిని పట్టి పడగొడుతూ ఆడే ఆట. ఒక రకంగా చెడుగుడుకు దూరపు చుట్టం. అక్కడ శనివారం కళాశాల జట్ల ఆటకు, ఆదివారం వృత్తి జట్ల ఆటకు జనం కదులుతారు. మిషిగన్ విశ్వవిద్యాలయ మైదానంలో లక్ష మందికి పైగా కూర్చునే వీలుందంటే కళాశాల ఆటకున్న ఆదరణను ఊహించవచ్చు.

రెంటినీ కలిపే వంతెన ఒకటుంది. ఏటా కళాశాలల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను 32 వృత్తి జట్లు వంతుల వారీగా ఎంపిక చేసుకుంటాయి. 1936 నుంచి సాగుతున్న ఈ పద్ధతిలో కిందటి ఏడాది అందరికన్నా అధ్వానంగా ఆడిన జట్టుకే తొలి వంతు. డెట్రాయిట్ లయన్స్ 2008లో ఆడిన 16 మ్యాచ్‌లూ ఓడింది. మరుసటి ఏడాది తొలి వంతులో జార్జియా విశ్వవిద్యాలయ ఆటగాడు మాథ్యూ స్టాఫర్డ్‌ను ఎంచుకుంది. 2011లో ప్లే ఆఫ్స్ చేరింది. 1999 తర్వాత ఆ జట్టుకు అదే తొలిసారి.

అందువల్ల అక్కడ ఓడిన జట్టు అభిమాని కూడా నిరాశలోనే కళాశాల మ్యాచ్‌లు చూస్తాడు. వచ్చే ఏడాది తమ జట్టును ఆదుకునేవాడు అక్కడే ఉన్నాడని అతని నమ్మకం. మన లీగ్‌లో అట్టడుగు జట్టుకు అలాంటి వెసులుబాటు లేదు. వేలంలో అందరి సంచీలోనూ అంతే సొమ్ము. టైటాన్స్ అభిమానికి కళాశాల ఆట చూడవలసిన అవసరమే కలగలేదు.

మన దారి సన్నం.. కానీ ఉంది

దారి బొత్తిగా లేదనడం సరికాదు. శ్రీకాకుళం జిల్లాలోని డిగ్రీ కళాశాలల జట్లు ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ విశ్వవిద్యాలయం పరిధిలోనూ, విజయనగరం జిల్లాలోని ఎక్కువ కళాశాలల జట్లు ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలోనూ అంతర్ కళాశాల పోటీలు ఆడతాయి. వాటిలో రాణించిన వారు విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికై దక్షిణ మండల పోటీలకు వెళ్తారు. అక్కడ నిలిచిన జట్లకు అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు, అందులో ముందు వరుసలో నిలిచిన వాటికి 2020లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు.

ఇక్కడే కొత్త తలుపు తెరుచుకుంది. 2024 ఆగస్టు నాటి ప్రో కబడ్డీ వేలం జాబితాలో ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల నుంచి 24 మందికి చోటు కల్పించారు. ఇదిగాక వేలంతో పని లేకుండా కొత్త యువ ఆటగాళ్లను తీసుకునే వీలు కూడా జట్లకు ఉంది. అంటే కళాశాల జట్టు ఒక్కో మెట్టు ఎక్కితే వృత్తి జట్టు కంట పడే అవకాశం ఇప్పుడు మాటవరసకు కాక నిజంగానే ఉంది.

అయితే ఆ మెట్లు ఎక్కేందుకు అడ్డంకులు తక్కువ కావు. పల్లెలో మట్టిపై ఉత్తి కాళ్లతో నేర్చిన ఆటను పోటీల్లో చాపపై, బూట్లతో ఆడాలి. కాలు జారే తీరు, పట్టు పట్టే కోణం రెండూ మారిపోతాయి. 30 సెకన్ల కూత, బోనస్ గీత, చావో రేవో రైడ్ వంటి నిబంధనలకు తగిన వ్యూహం చిన్ననాటి నుంచే అలవడాలి. చాప పరిచిన కోర్టు, దాన్ని వేసేందుకు కప్పున్న చోటు, రోజూ వచ్చే శిక్షకుడు ఉన్న కళాశాలకూ, అవి లేని కళాశాలకూ ఆట తొలి అయిదు నిమిషాల్లోనే తేడా తెలిసిపోతుంది.

వయసు మరో చిక్కు. డిగ్రీ పూర్తయ్యేసరికి ఇరవై, ఇరవై ఒకటి. ఇంటి పరిస్థితి చూసి విశాఖకో, హైదరాబాద్‌కో బతుకుతెరువుకు వెళ్లే కుర్రాడికి ఆట అక్కడితో ఆఖరు. సైన్యం, పోలీసు ఎంపికల కోసం వేకువన పరుగులు తీసే వారిలో మంచి కూతగాళ్లు ఎందరో. రాష్ట్ర క్రీడా విధానం కింద ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచడం వీరికి కొంత ఊరట. వృత్తి జట్టు దక్కకున్నా, ఆడిన ఆట కూడు పెడుతుందన్న భరోసా ఉంటేనే తల్లిదండ్రులు మైదానానికి పంపుతారు. ఆడపిల్లల దారి మరీ చిన్నది. 2016లో మూడు జట్లతో ఒకసారి జరిపిన మహిళల కబడ్డీ ఛాలెంజ్ తర్వాత ప్రో కబడ్డీ వేదికపై వారికంటూ పూర్తి లీగ్ రాలేదు.

అభిమాని చేయగలిగింది

టైటాన్స్ ఓటమికి కారణాలు వెతికే అభిమాని తన ఊరి కళాశాల జట్టు పోయినసారి ఏ దశలో వెనుదిరిగిందో చెప్పగలడా? ఎక్కువమంది చెప్పలేరు. అంతర్ కళాశాల ఫైనల్ రోజున మైదానం చుట్టూ ఆటగాళ్లు, అధ్యాపకులు తప్ప మూడో మనిషి కనిపించడం అరుదు. చూసేవారు ఉన్న చోటికే దాతలు వస్తారు, చాపలు వస్తాయి, ఎంపిక చేసేవారూ వస్తారు. అమెరికాలో కళాశాల ఆటను నిలబెట్టింది సర్కారు కన్నా శనివారం మైదానానికి కదిలే జనమే.

జట్టు పేరులో తెలుగు ఉంది. కూతలోనూ మన గొంతు వినిపించాలంటే మన వాదన టీ దుకాణం దాటి కళాశాల మైదానం గట్టు దాకా నడవాలి. ఈసారి అంతర్ కళాశాల పోటీలు ఎప్పుడో తెలుసుకొని ఒక్క సాయంత్రం అక్కడ నిలబడితే, వచ్చే వేలంలో ఎవరిని కొనాలన్న ప్రశ్నకు జవాబు అక్కడే కంటికి కనిపించవచ్చు.