ప్రతిధ్వని పొరబడకుండా చూసే అంకెల వరుస

నీటి అడుగున ఉన్న వస్తువును సోనార్ శబ్దంతో వెతుకుతుంది. ప్రతిధ్వని ఎంత ఆలస్యంగా వచ్చిందో చూస్తే దూరం, దాని పౌనఃపున్యం ఎంత మారిందో చూస్తే వేగం తెలుస్తాయి. ఇందుకోసం గ్రాహకం తాను పంపిన శబ్దాల నమూనాను కాలంలోనూ పౌనఃపున్యంలోనూ జరుపుతూ, ప్రతిధ్వనితో ఎక్కడ సరిపోతుందో వెతుకుతుంది.

ఆరు పౌనఃపున్యాలను 1, 2, 3, 4, 5, 6 అని మెట్లలా పంపితే చిక్కు వస్తుంది. నమూనా ఒక అడుగు పక్కకు, ఒక అడుగు పైకి తప్పుగా జరిగినా ఆరింటిలో ఐదు సరిపోతాయి. చుట్టూ రొద ఉంటే ఏది అసలో తేలదు. తప్పుగా ఎటు జరిపినా ఒక్కచోటుకు మించి సరిపోని వరుస కావాలి. 1960లలో అమెరికన్ ఇంజనీరు జాన్ కోస్టాస్ ఈ సమస్యను లేవనెత్తారు. అలాంటి ప్రస్తారాలనే కోస్టాస్ అమరికలు అంటారు.

వీటిని నిర్మించే ఒక పద్ధతికి లాయిడ్ వెల్చ్ పేరు ఉంది. 3తో మొదలుపెట్టి ప్రతిసారీ 3తో గుణించి, 7తో భాగించగా వచ్చే శేషాన్ని రాయాలి. 3×3 తొమ్మిది, శేషం 2. 2×3 ఆరు, శేషం 6. ఇలా 3, 2, 6, 4, 5, 1 వస్తాయి. పక్కపక్క అంకెల తేడాలు −1, 4, −2, 1, −4. ఒకటి విడిచి ఒకటి చూస్తే 3, 2, −1, −3. ఏ వరుసలోనూ తేడా రెండోసారి రాదు.

ఇది యాదృచ్ఛికం కాదు. 7 ప్రధాన సంఖ్య కాబట్టి దాని శేషాలలో సున్నాతో తప్ప దేనితోనైనా భాగించవచ్చు. అలాంటి సంఖ్యల సమితే పరిమిత క్షేత్రం. ఈ వరుసలో కొన్ని అడుగుల తర్వాతి అంకె, మొదటి అంకెను ఒక స్థిర సంఖ్యతో గుణించినదే. కాబట్టి వాటి తేడా కూడా మొదటి అంకెకు ఒక స్థిర గుణిజం. రెండు తేడాలు సమానమైతే, ఆ గుణకాన్ని కొట్టేయగా రెండు అంకెలూ ఒకటే కావాలి. కానీ వరుసలో ఏ అంకే రెండుసార్లు రాదు.

ఈ పద్ధతి ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువైన ప్రతి పరిమాణానికీ పనిచేస్తుంది. సాలమన్ గోలంబ్ పద్ధతి ప్రధాన సంఖ్యల ఘాతాల కంటే రెండు తక్కువైన పరిమాణాలను ఇస్తుంది. ఈ అమరికల అంచుల్లో చుక్కలు చేర్చీ తీసేసీ మరికొన్ని పొందవచ్చు.

32 దగ్గర మాత్రం దారి మూసుకుపోతుంది. 33 ప్రధాన సంఖ్య కాదు, 34 ఏ ప్రధాన సంఖ్యకూ ఘాతం కాదు. కంప్యూటర్‌తో వెతకడమూ తేలిక కాదు. 29 అంకెలకే 8 పక్కన 30 సున్నాలను మించిన ప్రస్తారాలు ఉంటాయి. 2011లో ప్రచురితమైన గాలింపులో ఆ పరిమాణంలో మొత్తం 164 కోస్టాస్ అమరికలే తేలాయి. 16 పరిమాణంలో అవి 21,104. పరిమాణం పెరుగుతుంటే ఇవి ఇలా అరుదైపోతున్నాయి.

32కు, 33కు ఇంతవరకు ఒక్క అమరికా దొరకలేదు. అవి ఉండవని రుజువు కూడా లేదు.