చుట్టాలందరి మాట

దగ్గరి చుట్టాలే అయినా సెర్బులకు, చెక్కులకు, రష్యనులకు ఒకరి భాష ఒకరికి పూర్తిగా బోధపడదు. 1660 దశకంలో సైబీరియా ప్రవాసంలో ఉండి, క్రొయేషియా మతాచార్యుడు యురై క్రిజానిచ్ వారందరి ఉమ్మడి భాషకని ఒంటరిగా వ్యాకరణం వ్రాసినాడు. అది వాడుకకు రాలేదు.

మన కాలంలో పదుగురు పూనుకొన్నారు. 2006లో కొందరొక నమూనా తలపెట్టగా, తరువాత మరికొందరు వేరొకటి కట్టినారు. ఎవరిది వారు పట్టుకు కూర్చోక, 2017లో రెండింటిని కలిపినారు. అదే ‘మెజుస్లొవ్యాన్‌స్కి’, అనగా స్లావుల నడుమ భాష. నీటికి ‘వోద’ వలె ఎక్కువమందికి తెలిసిన మాటలే ఏరుకొన్నారు. సెర్బో-క్రొయేషియనులో వలెనే సంబోధనతో కలిపి ఏడు విభక్తులు. చిన్ననాడు విభక్తులు వల్లెవేసిన మనకు ఇది వింత గాదు.

బరంపురం నుండి వచ్చిన చుట్టము మాట విని మా పిల్లలు నవ్వినప్పుడు మేము ఈ సంగతే చెప్పినాము. నవ్వితే మాట ఆగిపోతుంది. ఇద్దరికీ తెలిసిన మాట వెదికితే బంధుత్వం నిలుస్తుంది.