కంచె చేను మేసిన కథ

ధర్మవరము పట్టణమున గుంటమగ్గము ముందు కూర్చుండి పట్టుచీర నేయు చేనేత సోదరునకు చేతు లెంత ముఖ్యములో కాళ్లును అంత ముఖ్యములు. గుంటలోనికి కాళ్లు జాపి త్రొక్కుడు కఱ్ఱలను మార్చి మార్చి త్రొక్కినగాని పడుగు విచ్చుకొనదు, నాడె నడువదు. అట్టి యింటి యజమానునకు నడుము క్రింది భాగము చచ్చుపడినచో మగ్గము మూలబడుటయు, కుటుంబము అప్పులపాలగుటయు ఒక్కమారే సంభవించును. పిచ్చికుక్క కఱచినవారికి ప్రాణరక్షణార్థము బొడ్డుచుట్టు పొడిచిన పదునాలుగు సూదులే కొందఱి కిట్టి పక్షవాతమును దెచ్చిపెట్టినవన్న సంగతి నేటి యువకులు చాలమంది యెఱుగరు. కుక్కవలన వచ్చిన వ్యాధి కాదది, మందువలన వచ్చినది.

ఆ మందునకు సెంపుల్ టీకా యని పేరు. 1885 జూలై 6వ తేదీన పారిసు నగరమున లూయీ పాశ్చరు మహాశయుడు జోసెఫ్ మైస్టరను తొమ్మిదేండ్ల బాలునకు, ఎండబెట్టిన కుందేటి వెన్నుపామునుండి తీసిన మందు నెక్కించి కాపాడెను. రేబిస్ విషాణువు మెదడునందును వెన్నుపామునందును పెరుగునది గావున, ఆ ధాతువునుండియే మందు తీయుట నాటినుండి ఆచారమైనది. 1911లో కసౌలీయందు డేవిడ్ సెంపుల్ అను సైనికవైద్యుడు, వ్యాధి నెక్కించిన జంతువు మెదడును నూరి, కార్బాలిక్ ఆమ్లముతో విషాణువును చంపి, నిలువయుండు మందును తయారుచేసెను. కాలక్రమమున గొఱ్ఱె మెదడు దీనికి వాడుకలోనికి వచ్చినది. అంతకుముందు కాటుతిన్నవారు కసౌలీ కొండకో, 1907లో వెలసిన కూనూరు పాశ్చర్ సంస్థకో పోయి పడియుండవలసినదే. సెంపుల్ మందును సీసాలలో పోసి దూరపు ఆసుపత్రులకు పంపుటకు వీలు కలిగెను. పేదదేశమునకు ఇది చిన్న మేలు గాదు. ఆ మేలును మఱచి సెంపుల్‌ను నిందించుట న్యాయము గాదని మా యభిప్రాయము.

అయినను ఆ సీసాలో విషాణువుతోపాటు గొఱ్ఱె మెదడును ఉండెను. చిక్కంతయు నక్కడనే యున్నది.

మన నరములలో ననేకములకు మయిలిన్ అను కొవ్వుపొర చుట్టుకొనియుండును. ధర్మవరమువారికి దీనిని బోధించుట సులభము. జరీలో లోపలి దారముచుట్టు సన్నని వెండిరేకు చుట్టబడి యుండునుగదా! నరపుతీగెచుట్టు మయిలిన్ అట్లే చుట్టబడి యుండును. ఆ పొర యూడినచో మెదడునుండి కాలికి పోవలసిన ఆజ్ఞ నడుమ తడబడి నిలిచిపోవును. గొఱ్ఱె మయిలిన్‌లోని మాంసకృత్తులకును మనుష్యుని మయిలిన్‌లోని వానికిని పోలిక మిక్కుటము. పదునాలుగు దినములు వరుసగా గొఱ్ఱె మెదడును చర్మము క్రింద నెక్కించినచో, శరీరమును కాచు తెల్లకణములలో కొన్ని దానిని శత్రువుగా నెంచి పోరుట కలవడును. పిమ్మట అదే పోలికగల సొంత నరములపై బడును. కంచె చేను మేయుట యనగా నిదియే.

పాశ్చరు కాలమునుండియు ఈ పక్షవాతము వైద్యులకు తెలిసినదే. 1927లో నానాజాతి సమితి ఆధ్వర్యవమున పారిసున రేబిస్ మహాసభ జరిగెను. ఆ తరువాత నానాదేశముల చికిత్సాలయములు పంపిన లెక్కలను మథించు పని, పూర్వము కసౌలీ సంస్థను నడిపిన మెకెండ్రిక్ పండితుని పాలబడెను. అంటువ్యాధుల వ్యాప్తిని గణితముతో కొలిచినవారిలో నీతడు ప్రముఖుడు. లెక్క లుండెను, కారణము మాత్రము తేలలేదు. మందులో చావక మిగిలిన విషాణువే దీనికి మూలమని కొందఱును, మెదడుధాతువే మూలమని కొందఱును వాదించిరి. 1933లో న్యూయార్కు రాక్‌ఫెల్లరు సంస్థలో థామస్ రివర్సును ఆయన సహచరులును ఏ విషాణువును లేని ఆరోగ్యవంతమైన కుందేటి మెదడును కోతులకు పలుమాఱు లెక్కించి చూచిరి. కొన్ని కోతుల అవయవములు పట్టుదప్పెను. వాని మెదళ్లలో మయిలిన్ కరగియుండెను. వివాదము తీరుటకు త్రోవ యేర్పడినది. కుక్కకాటు మందు చేసిన కీడును విచారింపబోయి, శరీరరక్షణశక్తి తన నరములనే తాను హింసించు వ్యాధులకు తొలి నమూనాను శాస్త్రజ్ఞులు సంపాదించిరి.

మనుష్యుల విషయమున రుజువు చాల ఆలస్యముగ వచ్చెను. 1987లో థాయిలాండు వైద్యుడు తీరవత్ హేమచూద, అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పండితులతో గలసి, సెంపుల్ టీకాచే వ్యాధి పొందినవారి రక్తమున మయిలిన్ మాంసకృత్తునకు విరుద్ధముగ లేచిన ప్రతిదేహములను చూపెను. అంతకు మూడేండ్ల ముందే, 1984లో, బెంగుళూరు నిమ్‌హాన్స్ వైద్యులు స్వామి, శంకర్ మొదలగువారు, కార్బాలిక్ ఆమ్లమునకు బదులు బీటా ప్రొపియోలాక్టోనుతో విషాణువును చంపిన మందువలన గూడ ఇట్టి చిక్కులు కలుగుచున్నవని, వాని లక్షణములను చికిత్సను వివరించి ప్రకటించిరి. చంపు రసాయనమును మార్చినను గొఱ్ఱె మెదడు మాఱలేదుగదా! హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములవారికి నరముల వ్యాధి యనగానే బెంగుళూరు రైలెక్కుట అలవాటు. ఈ శాస్త్రము మన గుమ్మములోనే సాగినదని చెప్పవచ్చును.

ఇట్టి రోగి యెదుటికి వచ్చినప్పుడు వైద్యుడు పడు సంకటమును పాఠకమహాశయులు ఊహింతురుగాక. సూదులు మొదలిడిన వారము రెండు వారములకు కాళ్లు బరువెక్కును, మూత్రము బంధించును, ఒక్కొక్కప్పుడు పక్షవాతము పైకి ప్రాకి ఊపిరికే ముప్పు తెచ్చును. ఇది మందు చేసిన కీడా? లేక కుక్కకాటు వ్యాధియే పక్షవాతరూపమున వచ్చినదా? రేబిస్‌కు అట్టి రూపమును కలదు. మొదటిదైనచో మందు మానవలెను; స్టెరాయిడ్లతో చికిత్స చేసిన పెక్కురు కోలుకొందురు. రెండవదైనచో మరణము తప్పదని చెప్పదగును. మందు మానినచో, నిజముగా పిచ్చికుక్క కఱచియున్నయెడల రక్షణ కొఱవడును. మానకున్నచో పక్షవాతము ముదురును. మెదడుధాతువు లేని వేఱొక మందు చేతిలో నుండినగాని ఈ చిక్కునకు విడుపు లేదు.

అట్టి మందు లోకమున లేకపోలేదు. ఫిలడెల్ఫియాలోని విస్టారు సంస్థలో కొప్రౌస్కీ, విక్టర్ అను పండితులు మనుష్యకణములయందు విషాణువును పెంచి 1960ల దశాబ్దముననే దానికి పునాది వేసిరి. నాడీధాతువు టీకాలను మానుడని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1984 నుండియు గట్టిగా చెప్పుచు వచ్చెను. భారతదేశమున వాని తయారీ నిలిచినది 2004 చివరను! ధనికదేశములు విడిచిన మందును మన పేదలు ఏండ్ల తరబడి పొడిపించుకొనిరి. పరపాలకులు మిగిల్చిపోయినదని సాకు చెప్పుటకు వీలులేదు. స్వరాజ్యము వచ్చినపిమ్మట ఏబదియేడేండ్లు ఈ మందు మన ప్రభుత్వసంస్థలలోనే తయారైనది. క్రొత్త మందు ఖరీదు ఎక్కువ యనుట నిజమే. కాని హైదరాబాదునందలి ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థవారు అభయరాబ్ అను కణజన్య టీకాను స్వదేశముననే తయారుచేసి 2000 ప్రాంతమున విక్రయమునకు తెచ్చుటయు, చర్మములో కొద్దిపాటి మందు నెక్కించి ఖర్చు తగ్గించు పద్ధతిని 2006లో ప్రభుత్వ మంగీకరించుటయు చూడగా, పూనికయున్న మార్గము ముందే దొరికియుండెడిదని తోచక మానదు.

రివర్సు కోతులనుండి బయలుదేరిన శాస్త్రము ఇప్పుడు వేఱు దారులు పట్టినది. మయిలిన్ నశించు మల్టిపుల్ స్క్లెరోసిస్ వ్యాధికి, ఇజ్రాయేలునందలి వైజ్‌మన్ సంస్థవారు ఆ నమూనాపై పరీక్షించి తీర్చిన గ్లాటిరమర్ 1996లో అమెరికాలో అనుమతి పొందెను. 2004 నవంబరులో అనుమతింపబడిన నటాలిజుమాబ్, తెల్లకణములను మెదడులోనికి పోనీక అడ్డగించును. చౌకీదారులు లేని యింట చిరకాలముగ నిద్రించు జేసీ విషాణువు మేల్కొని కొందఱి మెదళ్లను పాడుచేయగా, 2005 ఫిబ్రవరిలో దాని నుపసంహరించి, 2006లో కట్టుదిట్టములతో మరల విడిచిరి. క్యాన్సరు వైద్యమున దీనికి విపరీతము జరుగుచున్నది. 2011 నుండి వచ్చిన ఇపిలిముమాబ్ మొదలగు మందులు తెల్లకణముల కళ్లెము విప్పును. క్యాన్సరు తగ్గిన రోగులలో అరుదుగా కొందఱికి కనురెప్పలు వాలును, మ్రింగుట కష్టమగును, కండరములును గుండెయును వాచును. కళ్లెము బిగించినను విప్పినను జాగరూకత తప్పదు. మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ వారు 2007లో రిటుక్సిమాబ్‌ను తక్కువ వెలకు తెచ్చిన పిదప, రక్తకణముల క్యాన్సరునకు ఉద్దేశించిన యా మందు నరముల వ్యాధులకును మనదేశమున విరివిగా వాడబడుచున్నది. కావున ఈ విషయము పెద్దనగరముల గొడవయని ధర్మవరమువారు ఉపేక్షింప వలనుపడదు. చిన్నయూళ్లకు తిరిగివచ్చిన రోగి తానే మందు పొందెనో చీటీమీద వ్రాయించి దగ్గఱ నుంచుకొనవలెను. రెప్పవాలినదని వచ్చినవానిని కంటివైద్యుడు ఆ చీటీ యడిగి చూడవలెను. మందుల దుష్ఫలితములను నమోదు చేయుటకు 2010 నుండి దేశమున ఫార్మకోవిజిలెన్సు కార్యక్రమము నడచుచున్నది. దానికి వ్రాసి పంపు వైద్యులు మన తాలూకాలలో పెరుగవలసియున్నది.

ఇక పాతభయ మొకటి మిగిలియున్నది. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులన్న మాట పెద్దలనోట విని, కాటును దాచిపెట్టి పసరుమందులతో కాలము పుచ్చువా రిప్పటికిని కలరు. ఇప్పటి టీకాలో గొఱ్ఱె మెదడు లేదు. కడుపున పొడువరు, భుజముననే యిత్తురు. కండరములోనికైన మొదటిదినము, 3, 7, 14, 28వ దినములందును, చర్మములోనికైన మొదటిదినము, 3, 7, 28వ దినములందును వేయుదురు. దానికంటె ముందు గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు ధారనీట కడుగవలెను. గాయము లోతైనచో ఇమ్యునోగ్లోబులిన్‌ను గాయములోనికే యెక్కించుమని ఆసుపత్రివారిని అడుగవలెను.