కజ్జికాయ నూనెలో ఎందుకు విచ్చుకుంటుంది?

సంక్రాంతి దగ్గరపడితే తుళ్లూరు చుట్టుపక్కల ఇళ్లలో అందరికీ పనే. పెద్దవాళ్లు పిండి కలిపి పూరీలు ఒత్తితే, పిల్లలు అచ్చులో పెట్టి పూర్ణం నింపి నొక్కుతారు.

పిండి ఎందుకు సాగుతుంది? మైదాలో, గోధుమపిండిలో గ్లూటెనిన్, గ్లయాడిన్ అనే ప్రోటీన్లుంటాయి. నీళ్లు పోసి మర్దిస్తే అవి అల్లుకుని గ్లూటెన్ అనే సాగే వలగా మారతాయి. అరగంట నాననిస్తే వల బిగువు సడలుతుంది. అప్పుడు పలచగా ఒత్తినా పూరీ వెనక్కి ముడుచుకోదు. పిండిలో కలిపే కాచిన నెయ్యి ఆ వలను మరీ గట్టిపడనివ్వదు. పైపొర గుల్లగా వచ్చేది అందుకే.

మరి విచ్చుకోవడం? నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, వేపే నూనె అంతకన్నా చాలా వేడి. లోపలి తేమ ఆవిరైతే దాదాపు 1,600 రెట్ల చోటు కావాలి. అంచు సరిగా అతక్కపోతే అక్కడే దారి చేసుకుంటుంది! పూర్ణమంతా నూనెపాలు. అందుకే పచ్చికొబ్బరిని ముందే వేయించి తడి పోగొడతారు, అంచుకు కాస్త నీళ్లు రాసి గట్టిగా నొక్కుతారు.

ఇటలీ కుటుంబాలు చేసుకునే రవియోలి కూడా ఇలాంటిదే. గుడ్లు కలిపిన పిండి రేకుల మధ్య రికోటా జున్నో, మాంసమో పెట్టి అంచులు మూస్తారు. కానీ దాన్ని నీళ్లలో ఉడికిస్తారు. తేమ పీల్చుకున్న రవియోలిని వేడివేడిగా తినేయాలి. తేమ పోయేలా వేగిన కజ్జికాయలు మాత్రం మూత బిగించిన డబ్బాలో రోజుల తరబడి నిలవుంటాయి.