ఉప్మానా, పెసరట్టా? గిట్ తేల్చలేదు!

ఆరేళ్ల కిందటి మాట. ఉద్యోగంలో చేరి మూడో వారం. నా కోడ్ పుష్ చేద్దామంటే గిట్ 'రిజెక్టెడ్' అంది. నెట్‌లో వెతికితే 'ఫోర్స్' అని జోడించమని కనిపించింది. జోడించా, వెళ్లిపోయింది! హమ్మయ్య అనుకుంటూ టీకి వెళ్లొచ్చేసరికి, పక్క సీట్లో సీనియర్ అక్క ముఖం పాలిపోయి ఉంది. రెండు రోజులు కష్టపడి రాసిన కోడ్ బ్రాంచ్‌లో లేదు. నా పుష్ దాన్ని తుడిచేసింది.

అదృష్టం కొద్దీ ఆమె ల్యాప్‌టాప్‌లో ఆ కమిట్లన్నీ భద్రంగా ఉన్నాయి. పావుగంటలో మళ్లీ ఎక్కించేసింది. 'పర్లేదులే తమ్ముడూ' అంది కానీ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలుగేళ్ల బీటెక్‌లో కోడ్ రాయడం నేర్చుకున్నా, నలుగురితో కలిసి రాయడం మాత్రం రాలేదు. మా కాలేజీ ప్రాజెక్టు 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' పేర్లతో పెన్‌డ్రైవ్‌లో తిరిగేది మరి!

నాలాంటి ఫ్రెషర్లు ఇంకో ముగ్గురిని పోగేశా. ప్రతి ఆదివారం మా రూమ్‌లోనే ప్రాక్టీస్. ప్రాజెక్టు చాలా చిన్నది: మా రూమ్ టిఫిన్ పట్టిక చూపించే వెబ్‌పేజీ. రూల్ ఒక్కటే. మెయిన్ బ్రాంచ్‌ని ఎవరూ నేరుగా ముట్టుకోకూడదు. ఎవరి బ్రాంచ్‌లో వాళ్లు రాయాలి, పుల్ రిక్వెస్ట్ పెట్టాలి, ఇంకొకరు చదివి సరే అన్నాకే మెర్జ్.

తర్వాత కావాలనే గొడవ పెట్టుకున్నాం. సోమవారం లైన్‌లో నేను ఉప్మా అని, మావాడు పెసరట్టు అని రాశాం. వాడిది ముందు మెర్జ్ అయింది. నాది చేయబోతే కాన్‌ఫ్లిక్ట్! ఫైల్ మధ్యలో బాణాల్లాంటి గుర్తులు, పైన ఒకరి లైన్, కింద ఇంకొకరిది. మొదటిసారి చూస్తే గుండె గుభేల్‌మంటుంది. నిజానికి గిట్ అడిగేది ఒక్కటే: 'ఏది ఉంచాలో మీరే చెప్పండి' అని. మాట్లాడుకున్నాం, పెసరట్టు గెలిచింది. గుర్తులు తీసేసి కమిట్ చేశాం, అంతే.

నన్ను ఏడిపించిన ఫోర్స్ పుష్ కూడా అక్కడే మళ్లీ చేసి చూశాం. పోయిన కమిట్లను 'రెఫ్‌లాగ్'తో వెనక్కి తెచ్చుకోవడం నేర్చుకున్నాం. చెడగొట్టి బాగుచేశాకే భయం పోయింది.

వేలమంది కలిసి రాసే లినక్స్ కెర్నెల్ కోసం 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారుచేసిందే ఈ గిట్. ఒంటరిగా కూర్చుని నేర్చుకుంటే సగమే వస్తుంది.

మీరూ మొదలుపెడుతున్నారా? ఇవి గుర్తుంచుకోండి:

• పని మొదలెట్టే ముందు పుల్ చేయండి.
• కమిట్లు చిన్నగా ఉంచండి. 'చేంజెస్' అని కాకుండా ఏం మార్చారో రాయండి.
• పుష్ రిజెక్ట్ అయితే ఫోర్స్ జోలికి పోవద్దు. ఎవరో కొత్తగా ఏదో పెట్టారని అర్థం, ముందు అది తెచ్చుకోండి.

ఇప్పుడు మా టీమ్‌లోకి వచ్చే ఫ్రెషర్లకి మొదటి రోజు నేనే ఈ కథ చెబుతా. నవ్వుతారు. నవ్వనీయండి, పక్కవాళ్ల కోడ్ మాత్రం తుడిచేయరు!