షేర్ల బేరము – ప్రారంభకునకు పాఠములు

షేరును కొని, కొన్ని దినములో వారములో ఉంచుకొని, ధర పెరిగినపుడు అమ్ముటను స్వింగు ట్రేడింగు అందురు. దీనిని నేర్వగోరువారు ఏమి చదువవలెనని నన్నడుగుచుందురు.

బోధకుడు లాభములతోపాటు తన నష్టముల లెక్కను గూడ చూపునా యని మొదట విచారింపుడు. ఇంతకంటెను త్వరితమైన బేరమున, అనగా ఒకే దినమున కొని యమ్మినవారిలో, 2022-23లో పదుగురికి ఏడుగురు నష్టపోయిరని సెబీవారు 2024లో ప్రకటించిరి.

గ్రంథములలో ఎడ్వర్డ్సు, మాగీలు 1948లో ప్రకటించిన 'టెక్నికల్ ఎనాలిసిస్ ఆఫ్ స్టాక్ ట్రెండ్స్' నేటికిని చదువదగినది. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజివారు ప్రతిదినము బేరములు ముగిసిన పిమ్మట ధరల పట్టికను ఉచితముగా వెలువరింతురు. ఆ ధరలను రేఖాపటముగా స్వయముగా గీయుడు. ఆరు నెలలు ధనము పెట్టక కాగితముమీదనే కొని యమ్ముచు, కొనుటకు కారణమును, ఎంత నష్టమునకు విడువవలెనో ఆ హద్దును ముందుగనే వ్రాసికొనుడు. దళారి రుసుమును, పన్నులను లెక్కలో చేర్పుడు.

నూరు రూపాయలలో ఏబది పోయినచో, మిగిలిన ఏబది రెట్టింపైనగాని మొదటి నూరు తిరిగిరాదు. ఈ లెక్కను బోధింపని పాఠమునకు మీ కష్టార్జితమును రుసుముగా చెల్లింపవలదని నా మనవి.