గోడ మీంచి దూకితే సైకిల్ కాపాడుతుందా?

నాంపల్లి నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఈ నెల మిగతా ప్రశ్నలన్నిటినీ పక్కకి నెట్టేసింది. "మావాడు ఇంటర్ చదువుతున్నాడండి. ఫ్రీరైడ్ సైకిల్ కొనిపెట్టమని ప్రాణం తీస్తున్నాడు. దానికి ముందూ వెనకా 20 సెంటీమీటర్లు కుంగే షాకబ్జార్బర్లు ఉంటాయట, రెండు మీటర్ల గోడ మీంచి దూకినా ఏమీ కాదట. అబిడ్స్‌లో షాపతనేమో 'అంత ఖర్చెందుకు సార్, డబుల్ షాకర్ తీసుకోండి, అదీ ఇదీ ఒకటే' అంటున్నాడు. నిజమేనా?"

డబ్బు సంగతి, మార్కుల సంగతి ఆయన చూసుకుంటారు. ఆ గోడ సంగతి మాత్రం వదిలిపెట్టడం నా వల్ల కాదు.

ముందు ఫ్రీరైడ్ అంటే ఏమిటో రెండు ముక్కలు. గడియారంతో పోటీ లేకుండా, ముందే గీసిన దారి లేకుండా, కొండ మీంచి ఎవరి దారి వాళ్లు వెతుక్కుని దూకుతూ దిగడం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, వాంకూవర్ పక్కనున్న నార్త్ షోర్ అడవుల్లోనూ కామ్‌లూప్స్ మట్టి గుట్టల మీదా 1990లలో ఊపందుకుంది. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, వర్జిన్ అనే ఊరి దగ్గర రెడ్ బుల్ ర్యాంపేజ్ పోటీ మొదలైంది. తొలి విజేత వేడ్ సిమన్స్. అదే పోటీలో ఆడవాళ్ల విభాగం రావడానికి 2024 దాకా పట్టింది, న్యూజిలాండ్ అమ్మాయి రాబిన్ గూమ్స్ గెలిచింది. ఇక సైకిల్: 17 నుంచి 20 సెంటీమీటర్లు కుంగే సస్పెన్షన్, ముందుకి బాగా వాలిన ఫోర్క్, లావుపాటి టైర్లు, 15 కిలోలు దాటే బరువు. ఇంతే. ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం.

పైనుంచి పడ్డ వస్తువు ఎంత 'బలంగా' తగులుతుంది? ఈ ప్రశ్న మీద యూరప్ మేధావులు అరవై ఏళ్లపాటు కీచులాడుకున్నారు. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే చాలన్నాడు ఫ్రెంచ్ తత్త్వవేత్త డేకార్ట్. చాలదు, వేగం వర్గంతో గుణించాలన్నాడు జర్మన్ గణితవేత్త లైబ్నిట్జ్, 1686లో. న్యూటన్ శిష్యులు ఈ మాట కొట్టిపారేశారు. తర్వాత కలన గణితం కనిపెట్టింది న్యూటనా లైబ్నిట్జా అన్న తగాదా కూడా ముదరడంతో, లైబ్నిట్జ్ ఏం చెప్పినా వాళ్ల చెవికెక్కలేదు. చివరికి తీర్పు చెప్పింది బంకమట్టి. 1722లో హాలండ్‌లో గ్రావెసాండె అనే ప్రొఫెసర్, ఆయన కూడా న్యూటన్ పక్షమే, ఇత్తడి గుండ్లని రకరకాల ఎత్తుల నుంచి మెత్తటి మట్టి మీద వదిలాడు. గుండు బరువుని పడిన ఎత్తుతో గుణిస్తే ఎక్కడ సమానంగా వచ్చిందో అక్కడ గుంటలూ సమానంగా పడ్డాయి. పడే వేగం వర్గం ఎత్తుని బట్టే పెరుగుతుంది కాబట్టి లైబ్నిట్జ్ గెలిచాడు, గ్రావెసాండె పక్షం మార్చాడు. ఫ్రాన్స్‌లో ఎమిలీ దు షాత్లే 1740లో తన భౌతికశాస్త్ర గ్రంథంలో లైబ్నిట్జ్ తరఫున గట్టిగా వాదించింది.

నిజానికి డేకార్ట్ లెక్క కూడా వృథా కాదు. వస్తువు ఎంతసేపట్లో ఆగుతుందని అడిగితే ఆయన లెక్క పనికొస్తుంది, ఎంత దూరంలో ఆగుతుందని అడిగితే లైబ్నిట్జ్‌ది. షాకబ్జార్బర్ మీద సెకన్లు అచ్చువేయరు, మిల్లీమీటర్లు వేస్తారు. సైకిల్ కంపెనీలన్నీ తమకు తెలియకుండానే లైబ్నిట్జ్ పార్టీ.

ఇందులోంచి ఒక చక్కటి సూత్రం వస్తుంది. పడిన ఎత్తుని ఆగడానికి దొరికిన దూరంతో భాగించి, ఒకటి కలపండి. మీ బరువుకి అన్ని రెట్ల బలం, సగటున, మీ మీద పడుతుంది. ఒక్క క్షణం అంతకంటే ఎక్కువే పడొచ్చు. కుర్రాడు మామూలు సైకిల్ మీద, సీటుకి అతుక్కుని రెండు మీటర్ల గోడ మీంచి దిగాడనుకోండి. టైరూ సీటూ కలిపి ఓ 5 సెంటీమీటర్లు నొక్కుకుంటాయి. 41 రెట్లు! ఫ్రీరైడ్ సైకిలైతే 20 సెంటీమీటర్లు, 11 రెట్లు. 70 కిలోల వాడి మీద 770 కిలోలు. ఇప్పుడు అదే కుర్రాడిని పెడల్స్ మీద లేచి నిలబడి, మోకాళ్లూ మోచేతులూ మడుస్తూ దిగమనండి. శరీరం మరో 40 సెంటీమీటర్లు ఇస్తుంది. మొత్తం 60 అయింది, బలం నాలుగు రెట్ల పైచిలుకుకి దిగింది. సైకిల్ ఇచ్చినదానికి రెట్టింపు మోకాళ్లే ఇచ్చాయి. వాటికి షాపులో ధర చీటీ ఉండదు కాబట్టి వాటి గురించి ఎవరూ చెప్పరు.

'డబుల్ షాకర్' సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. స్ప్రింగు దెబ్బని మింగదు, దాచుకుంటుంది. దాచుకున్నదంతా మరుక్షణం తిరిగి ఇచ్చేస్తుంది, సైకిల్ మనిషిని ఎత్తి కుదేస్తుంది. మింగే పని నూనెది. మంచి షాకబ్జార్బర్ లోపల పిస్టన్ నూనెని సన్నటి రంధ్రాల్లోంచి తోస్తుంది, నూనె సుడులు తిరిగి వేడెక్కుతుంది. ఎంత జోరుగా తోస్తే అంతకు మించి ఎదురు తిరుగుతుంది. దెబ్బ వేడిగా మారిపోయాక తిరిగి రాదు. సైకిలూ మనిషీ కలిసి 86 కిలోలు రెండు మీటర్లు పడితే వచ్చే శక్తి దాదాపు 1,700 జౌళ్లు. ఎముకలు విరగ్గొట్టే ఈ శక్తి గ్లాసుడు నీళ్లని 2 డిగ్రీలు మాత్రమే వేడెక్కించగలదు! పిల్లల కోసం అమ్మే చవక డబుల్ షాకర్లలో చాలావాటికి ఉండేది ఒట్టి స్ప్రింగే. పరీక్షించడం తేలిక. సీటు మీద చేత్తో గట్టిగా నొక్కి వదిలేయండి. టక్కున ఎగిరి లేచి ఊగిందంటే లోపల నూనె లేనట్టే. ఉంటే నెమ్మదిగా, మూలుగుతున్నట్టు లేస్తుంది.

అయితే వీడియోల్లో వాళ్లు పది మీటర్ల పైనుంచి దూకి లేచి వెళ్తున్నారు కదా, వాళ్ల మోకాళ్లు ఉక్కువా? కాదు. అసలు ఆట ఇక్కడుంది. నేలకి తగిలే దెబ్బని నిర్ణయించేది మొత్తం వేగం కాదు, నేలకి నిలువుగా గుచ్చుకునే భాగం ఒక్కటే. గంటకి 29 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా గాల్లోకి వెళ్లి రెండు మీటర్లు కిందికి వచ్చేసరికి సైకిల్ 38 డిగ్రీల వాలులో దిగుతుంటుంది. దిగేచోటు కూడా 30 డిగ్రీల వాలుంటే తేడా 8 డిగ్రీలే. లెక్క వేస్తే ఆ దెబ్బ చదునైన నేల మీద 10 సెంటీమీటర్ల ఎత్తునుంచి పడ్డదానితో సమానం. అవును, పది సెంటీమీటర్లు. మెట్టు దిగినంత కూడా కాదు. స్కీయింగ్ మైదానాల్లో దూకే దిబ్బలు కట్టేవాళ్లు చాలాకాలం ఈ లెక్క చూడకుండా, అలవాటు కొద్దీ మంచు పోసేవారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, డేవిస్‌లో, మాంట్ హబ్బర్డ్ అనే ఇంజినీరు, ఏ వేగంతో వచ్చి ఎక్కడ దిగినా దెబ్బ ఒకేలా ఉండేలా వాలు ఆకారం గీయొచ్చని చూపించాడు.

ఈ సూత్రాన్ని కళ్లారా చూడాలంటే యూటా పోనక్కర్లేదు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో జనవరిలో మొదలయ్యే నుమాయిష్‌లో 'మౌత్ కా కువా' టికెట్ కొనండి, బావి గోడల మీద గుండ్రంగా బండి నడిపే ఆట అది. పైన రెయిలింగు పట్టుకుని వంగి చూస్తే బావి అడుగున నేలకీ గోడకీ మధ్య ఏటవాలు పలకల పట్టీ కనిపిస్తుంది. చూసేవాళ్లంతా పైన జనం చాచే పది రూపాయల నోటునే చూస్తారు. మీరు ఆ పట్టీని చూడండి. బండి నేరుగా వెళ్లి గోడకి గుద్దుకోదు. గుండ్రంగా తిరుగుతూ, పట్టీ మీద వేగం పెంచుకుంటూ, గోడకి రాసుకుంటున్నట్టు ఎక్కుతుంది. గుచ్చుకునే వేగాన్ని నడిపేవాడు ఎక్కడా పెరగనివ్వడు. నిలువు గోడ మీదికి మనిషిని ఎక్కించేది, యూటా కొండ మీంచి దింపేది ఒకే లెక్క.

కాబట్టి ఫ్రీరైడ్ ఆటకి అసలు పనిముట్టు పార. ర్యాంపేజ్ రైడర్లు, వాళ్ల సహాయకులు పోటీకి ముందు రోజుల తరబడి ఆ ఎడారి మట్టిని తవ్వి, నీళ్లు చల్లి గట్టిపరిచి, దిగే వాలు తయారు చేసుకుంటారు. అయినా 2015లో పాల్ బాసగోయిటియా అనే ఆరితేరిన రైడర్ వెన్నుపాము దెబ్బతింది. మనకేమో ఖాజాగూడ గుట్టలున్నాయి, 250 కోట్ల ఏళ్ల గ్రానైట్. చూడ్డానికి అద్భుతం, పార మాత్రం దిగదు. ఆ బండల పక్కన దొరికేది దిగే వాలు కాదు, చదును.

ఇక ఎవరికి నప్పుతుంది? చేతికందే దూరంలో తీర్చిన మట్టి వాలు ఉన్నవాళ్లకి, సైకిల్‌ని పైకి చేర్చే లిఫ్టో జీపో ఉన్నవాళ్లకి, చిన్న దిబ్బల మీద ఏళ్ల తరబడి దూకి ఒళ్లు అలవాటు చేసుకున్నవాళ్లకి, ముఖం మొత్తం కప్పే హెల్మెట్ పెట్టుకునేవాళ్లకి. అబిడ్స్ నుంచి గండిపేట దాకా తొక్కాలనుకునేవాడికి అది శిక్ష. తొక్కిన ప్రతిసారీ సస్పెన్షన్ ఊగి కాళ్ల కష్టంలో కొంత తినేస్తుంది. అయ్యా, మీవాడికి ముందు ఫోర్క్ ఒక్కటే, నూనె ఉన్నది, 10 సెంటీమీటర్లు కుంగేది కొనివ్వండి. అనంతగిరి మట్టిదారులకి అది చాలు. గోడ మాత్రం వద్దు.

ఉపయోగం అడిగేవాళ్లకి ఒక మాట. ఈ వాలు లెక్క నిజంగా అందాల్సింది స్పీడ్ బ్రేకర్లు పోసేవాళ్లకి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి ప్రమాణం ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తుకి 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మన గల్లీల్లో అదే ఎత్తుని ఒక జానెడు, జానెడున్నరలో తేల్చేస్తున్నారు. వాటిని దాటడానికైతే, ఒప్పుకుంటాను, 20 సెంటీమీటర్ల సస్పెన్షన్ కూడా తక్కువే.